మద్రాసు ప్రయాణానికి ముందు, శ్రీహరికోట ఒడ్డు దాకా

ఇవాళ తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ వార్త పత్రికలో చదివి నేను చాలా సంతోషించాను. మా నాన్నగారిది తిరుపతి. అమ్మ పుట్టినిల్లు తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లె. నా చిన్నతనంలో మొదటిది చిత్తూరు జిల్లా, రెండవది నెల్లూరు జిల్లా. సెలవులు ఇవ్వగానే తిరుపతిలో మీటర్ గేజి బండి ఎక్కి, కాళహస్తి, వెంకటగిరి దాటి గూడూరులో దిగి, అక్కడ మద్రాసు వైపు వెళ్లే పాసింజరు పట్టుకొని తడ చేరడం మాకు ఏటేటా జరిగే ముచ్చట. తిరుపతిలో మేము ఎరిగిన నీరు కోనేటి నీరు, బావి నీరు. స్వర్ణముఖిలో సైతం ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించేది. అటువంటి ఊరి పిల్లవాడికి, అవతలి ఒడ్డు సన్నని గీతగా మాత్రమే కనిపించేంత విశాలమైన నీటి మీద తెరచాపలు కదలడం ఎంతటి పండుగో మాటల్లో చెప్పడం కష్టం.

మా మేనమామ కట్టెల వ్యాపారం చేసేవాడు. శ్రీహరికోట అప్పటికి అడవి. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంపిక చేసింది 1969లో. అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న. అంతకు ముందు మద్రాసులో ఎన్నో ఇళ్లలో పొయ్యి కింద మండింది శ్రీహరికోట కట్టె. కూపుల్లో, అంటే నరకడానికి కేటాయించిన అడవి భాగాల్లో, కొట్టిన కట్టెను యానాదులు ఒడ్డుకు మోసుకొచ్చేవారు, అక్కడ పడవలకు ఎత్తేవారు, పడవలు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసులో బేసిన్ బ్రిడ్జి రేవుకు చేరేవి. ఆ కాలువ చరిత్రను మామ తన తాతగారి నోట విన్నాడు. 1806లో కోక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలుపెట్టిన ఉప్పునీటి కాలువ, తరువాత పులికాట్‌కూ, ఆ పైన ఉత్తరాన పెదగంజాం దాకానూ సాగింది. ధాత కరువులో, అంటే 1877–78లో, కూలికి వచ్చిన ఆకలి జనం చేత మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. దక్షిణాన మరక్కాణం వరకు లెక్కిస్తే మొత్తం 420 కిలోమీటర్లు. మామ పడవలకు అందులో కొంత దూరంతోనే పని. అయినా గాలి అనుకూలిస్తే మూడు నాలుగు రోజులు, అనుకూలించకపోతే ఇంకా ఎక్కువే పట్టేది.

ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. పడవలోకి కొత్త కళాసీలు వచ్చినప్పుడు వాళ్లను సరాసరి మద్రాసుకు పంపేవాడు కాదు. ముందు సరస్సులోనే ఇరకం దీవి పక్కగా శ్రీహరికోట ఒడ్డుకు తీసుకుపోయి, రాత్రి అక్కడే పండుకొని, మర్నాడు తిరిగి వచ్చేవాడు. తానూ పడవలో కూర్చునేవాడు. రెండు రోజుల బాడుగ పోతుందని తక్కిన పడవల ఆసాములు అనేవారు. అత్త కూడా అనేది. మామ ఎవరితోనూ వాదించేవాడు కాదు. నాతో మాత్రం ఒకసారి, “కాలువలోకి దిగినాక మనిషిని చూస్కుందామంటే ఎట్లబ్బయా? అప్పుటికి మన చెయ్యి దాటిపోయుంటాడు గదా” అన్నాడు. ఎన్నూరు దగ్గర కొసస్థలై నది సముద్రంలో కలిసే చోటును కట్టెల బరువుతో దాటాలి. ఆ నదే మన నగరి దగ్గర కుశస్థలి పేరుతో పారే నది. నగరిలో పిల్లలు సైతం దాటగలిగే ఆ ఏరు, ఎన్నూరులో ఆటుపోట్ల వేళ పడవను అడ్డంగా తోసేస్తుంది. అక్కడ పడవలోని నలుగురూ ఒకరి మనసు ఒకరు ఎరిగి ఉండాలని మామ పట్టుదల.

1964 సంక్రాంతి సెలవులకు నేను తడ వెళ్లాను. అప్పుడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాలలో పి.యు.సి. చదువుతున్నాను. ఆ ఏడాది మామ పెద్ద పడవకు పాత మనుషులు ఒక్కరూ మిగలలేదు. ఏళ్ల తరబడి చుక్కాని పట్టిన సరంగుకు కళ్లలో పొర వచ్చి చూపు మందగించింది. కళాసీలు మద్రాసు హార్బరులో రోజుకూలికి చేరిపోయారు. కనుమ వెళ్లిన మూడో నాటికి మామ కొత్తగా నలుగురిని కూర్చాడు. సరంగు దుగరాజపట్నం మనిషి, నలభై దాటినవాడు, సముద్రం మీద దోనెల్లో తిరిగినవాడు. మాట తక్కువ, చూపు ఎప్పుడూ తెరచాప అంచు మీదే. రెండవవాడు ఆరంబాకం నుంచి వచ్చిన తమిళుడు. కాలువ గట్టు మీద తాడు భుజాన వేసుకొని పడవను లాగడంలో అతణ్ని మించినవాడు లేడని అందరూ అనేవారు. మూడవవాడు శ్రీహరికోట యానాది. కట్టె పేర్చడంలో ఆరితేరినవాడు. నాలుగవవాడు ఇరకం దీవి కుర్రవాడు, నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్ద. పుట్టింది మొదలు ఆ సరస్సులో వల వేసినవాడే గాని బరువు పడవ ఎక్కి ఎరగడు. నలుగురూ పనిమంతులే. కానీ నలుగురి పనీ నాలుగు రకాల నీళ్లలో నేర్చిన పని.

పులికాట్ సంగతి తెలియనివారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. మన దేశంలో చిలకా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఉత్తర దక్షిణాలుగా అరవై కిలోమీటర్ల పొడవు. వెడల్పు కొన్ని చోట్ల పదిహేడు కిలోమీటర్లు. అంత విస్తారం ఉండీ సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఈశాన్య రుతుపవనాల్లో ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదులు నీరు తెచ్చి నింపుతాయి. వేసవిలో ఒడ్డు వెంబడి మైళ్ల దూరం బురద తేలుతుంది. అందుచేత సముద్రం మీద ప్రాణం కాపాడే తెలివి ఇక్కడ సగానికే పనికి వస్తుంది. మామ పడవను చదునైన అడుగుతో కట్టింది ఇందుకే. పలకల సందుల్లో జనపనార కుక్కి గుగ్గిలం పూసేవారు. తెరచాప గుడ్డ చివికిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో నానబెట్టేవారు. ఆ తుమ్మచెక్క వాసన, గుగ్గిలం వాసన, తడి కట్టె వాసన కలిసి ఉండే ఆ పడవ గర్భం నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంది.

బయలుదేరే ముందు మామ, ఒడ్డున మిగిలి ఉన్న కట్టెను పడవలో సగం దాకా వేయించాడు. ఖాళీ పడవ నడక వేరు, బరువు పడవ నడక వేరు. ఖాళీ పడవలో చూసిన పనితనాన్ని నమ్మకూడదని ఆయన మాట. యానాది మనిషి కట్టెను పేర్చిన తీరు చూసి సరంగు మొదటిసారి నోరు విప్పి, “బాగుండాది” అన్నాడు. లావు కట్టె అడుగున, సన్నకట్టె పైన, రెండు పక్కలా సమంగా. నడవడానికి అంచు వెంట జానెడు దారి వదిలిపెట్టాడు. ఆ దారి ఎందుకో నాకు మర్నాడు గాని అర్థం కాలేదు. వంటకు ఇసుక పోసిన చెక్కపెట్టెలో మట్టిపొయ్యి, తాగడానికి రెండు కుండల మంచినీరు, బియ్యం, చింతపండు, ఎండుమిరప, ఉప్పుచేప. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి నుంచి తెచ్చిన కుంకుమను సరంగు అణియం కొయ్యకు పెట్టి చేతులు జోడించాడు. అణియం అంటే పడవ ముందు కొస, అమరం అంటే చుక్కాని ఉండే వెనుక కొస. పడవ మీద ముందు, వెనుక అనే మాటలు ఎవరి నోటా వినపడేవి కావు.

పొద్దెక్కి ఈశాన్యపు గాలి కుదురుకున్నాక తెరచాప ఎత్తారు. అడ్డబొంగు కొయ్య మీదుగా పైకి పోతూ ఉంటే గుడ్డ ఒకసారి దబదబ కొట్టుకొని, ఆ తర్వాత బిగిసి నిలిచింది. గాలి మా ఎడమ చెంప మీద తగులుతోంది. పడవ కుడివైపుకు కొద్దిగా ఒరిగి, నీళ్లను చీల్చుకుంటూ తూర్పుకు సాగింది. మామ కట్టెల మీద గోనె పరుచుకొని కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పలేదు. ఇక ఆ రెండు రోజులూ ఆయన ఎవరికీ ఏ పనీ పురమాయించలేదు. నన్ను కూడా పక్కనే కూర్చోబెట్టుకొని, ఏమీ అడగవద్దని కళ్లతోనే చెప్పాడు.

కొంత దూరం పోయాక రాజహంసల గుంపు ఒకటి కుడివైపున కనిపించింది. కళ్లు చెదిరేటంత గుంపు అది. నీటి మీద లేత గులాబి రంగు గట్టు కట్టినట్టు ఉంది. నేను వాటి అందం చూస్తూ ఉండిపోయాను. ఇరకం కుర్రవాడు మాత్రం వాటి కాళ్లు చూస్తున్నాడు. ఎక్కడ ఆ పక్షి కాలు మోపి నిలబడిందో అక్కడ నీరు రెండడుగులకు మించి ఉండదు. ఆ మెరక అక్కడితో ఆగదు, కంటికి కనబడకుండా ఇంకా ముందుకు పాకి ఉంటుంది. అతడు వెనక్కు తిరిగి, వినయంగానే, “అన్నా, ముందర మెరక ఉండాది. కొంచెం ఎడంగా పోనీయి” అన్నాడు. సరంగు విన్నాడో లేదో తెలియదు; చుక్కాని కదపలేదు. సముద్రం మీద పెరిగిన మనిషికి, చూపు ఆనేంత మేరా పరుచుకొన్న నీటిలో దారి వెతుక్కోవాలన్న ఆలోచన అంత త్వరగా రాదు. మరి కాసేపటికి పడవ అడుగున ఏదో మెత్తగా రాసుకున్న చప్పుడు వినిపించింది. వేగం తగ్గింది. ఆగిపోయింది. గాలికి తెరచాప మాత్రం ఇంకా బిగిసే ఉంది.

తెరచాప దించి నలుగురూ నీళ్లలోకి దిగారు. తొడల దాకా నీరు, పిక్కల దాకా బురద. ఆరంబాకం మనిషి అణియం కింద భుజం ఆనించి పైకి లేపితే, తక్కిన ముగ్గురూ వెనక్కు తోశారు. పడవ కదలడానికి చాలాసేపు పట్టింది. సరంగు ఎవరినీ తిట్టలేదు, తనను తాను సమర్థించుకోనూలేదు. ముఖం మాత్రం బిగుసుకుపోయింది. కుర్రవాడు కూడా, చెప్పాను గదా అన్న మాట నోటి నుంచి రానీయలేదు. మామ చూపు ఆ ఇద్దరి మీదే ఉంది.

ఇరకం దాటాక నీరు విశాలమై, గాలి ఉధృతమైంది. దీవి పక్కన నీళ్లలో గుంజలు పాతి వలలు కట్టిన చోట్లను తప్పించుకుంటూ పోయాము. ఆ సరస్సు మీద వల వేసే చోట్లను పల్లెలవారు వంతుల ప్రకారం పంచుకుంటారు, దానినే పాడు అంటారు. వంతు ఎవరిదో ఆ నాటికి వారిదే ఆ నీరు. ఒకరి పాడులోకి బరువు పడవను తోలుకుపోవడం మహాపరాధం. కుర్రవాడు ప్రతి వలనూ దూరం నుంచే గుర్తుపట్టి, ఈసారి నోటితో చెప్పకుండా, చెయ్యి చాచి చూపించాడు. సరంగు ఆ చేతిని చూసి రెండుసార్లు చుక్కాని తిప్పడం నేను గమనించాను. మామ కూడా గమనించి ఉంటాడు.

ఆ ఉధృతిలోనే ప్రమాదం తప్పిపోయిన ఘటన జరిగింది. తెరచాప కింది కొసను లాగి పట్టే తాడు ఆరంబాకం మనిషి చేతిలో ఉంది. కాలువలో తాడు అంటే గట్టు మీది మనిషి బలం. అది జారితే పడవ ఆగిపోతుంది, కనుక అతడికి తాడును గట్టిగా ముడివేయడం అలవాటు. అదే అలవాటున గుంజకు రెండు ముడులు బిగించి వేశాడు. ఉన్నట్టుండి గాలి విసురు ఒకటి తగిలింది. పడవ కుడి అంచు నీటిదాకా వంగింది. పై వరస సన్నకట్టె జరజర జారింది. “తాడు వదులు!” అని సరంగు కేక పెట్టాడు. బిగిసిన ముడి ఊడి వస్తేగా! యానాది మనిషి మొలలో దోపుకొన్న మచ్చుకత్తి తీసి ఒక్క వేటున తాడు తెంపాడు. తెరచాప ఎగిరి కొట్టుకుంది, పడవ నిటారుగా లేచింది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయింది. నేను మామ చెయ్యి పట్టుకొని ఉన్నానని అంతా అయ్యాక గాని నాకు తెలియలేదు.

అది మామ నెల్లూరు నుంచి తెప్పించిన కొత్త తాడు. ఆయన దాని తెగిన కొసను చేతిలోకి తీసుకొని చూసి, యానాది మనిషి వైపు తల ఊపి, మళ్లీ గోనె మీద కూర్చున్నాడు. సరంగు చుక్కానిని కుర్రవాడికి అప్పగించి తాను ముందుకు వచ్చాడు. ఆరంబాకం మనిషి ముఖం పాలిపోయి ఉంది. అతడి పక్కన గొంతుక్కూర్చొని, తాడును గుంజ చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసను పిడికిట్లో పట్టుకొని చూపించాడు. “ముడేయబాకు. ఈ చుట్లు ఆపతాయి, నీ చెయ్యి వింటా ఉంటాది. విసురొస్తే వేళ్లు వదిలితే సాలు” అన్నాడు. తరువాత తాడును అతడి చేతికిచ్చి, తాను దానిని అవతలి వైపు నుంచి గుంజుతూ, వదులుతూ, గాలి ఎట్లా చెప్పిపంపుతుందో అతడి అరచేతికి తెలిసేదాకా నేర్పించాడు. తమిళం కొంచెం, తెలుగు కొంచెం. నేను కళాశాలలో ఎందరో గురువుల దగ్గర చదువుకున్నాను. ఆ పావుగంటలో ఆయన నేర్పినంత శ్రద్ధగా నేర్పినవారిని కొద్దిమందినే చూశాను.

సాయంత్రానికి శ్రీహరికోట ఒడ్డు చేరాము. కట్టెల రేవుకు కాస్త ఎడంగా లంగరు వేశారు. అక్కడి నుంచి యానాది మనిషిది పెత్తనం. కుండల్లో నీరు సగం ఉండగానే అతడు ఇసుకదిబ్బ వెనుక ఒక చోట కూర్చొని చేతులతో చెలమ తవ్వాడు. మోచేతి లోతుకు తడి, ఇంకొంచెం లోతుకు నీరు. దోసిట పట్టి తాగితే తీయగా ఉంది. ఉప్పునీటికి నూరు గజాల దూరంలో ఆ తీపి నీరు ఎట్లా నిలుస్తుందని అడిగితే, వాన నీరు ఇసుకలో దాక్కుంటుందని, లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుందని, పైపైనే తీసుకోవాలని వివరించాడు. ఆ మనుషుల్ని తర్వాతి కాలంలో దీవి ఖాళీ చేయించినప్పుడు, ఈ ఎరుక అంతా ఏమైపోతుందోనని మామ బాధపడేవాడు.

కుర్రవాడు విసురువల వేసి రొయ్యలు తెచ్చాడు. అన్నం, రొయ్యల పులుసు. వడ్డించింది ఆరంబాకం మనిషి. మొదటి ముద్ద యానాది మనిషికి పెట్టి, “ఇవాళ నువ్వే ముందు తినాల” అన్నాడు. అందరూ నవ్వారు. నలుగురూ కలిసి నవ్వడం అప్పుడే మొదలు. మామ ఆకు ముందు కూర్చొని, ఎవరు ఎంత తింటున్నారో, కుండలో నీళ్లు ఎవరు ఎట్లా ముంచుకుంటున్నారో తల ఎత్తకుండానే చూస్తున్నాడని నాకు తెలుసు. మద్రాసు దారిలో కాలువ నీరు తాగడానికి పనికిరాదు. దారిలో నీటికుండ దగ్గరే ముందుగా గొడవలు వస్తాయి. కుర్రవాడు సగం చెంబు ముంచుకొని, అందులోనే చెయ్యి కడుక్కొని, మిగిలింది తాగాడు.

అమావాస్య వెళ్లి రెండు మూడు రోజులే అయింది. నెలవంక పొద్దు వెంటే దిగిపోయింది. చలి మొదలైంది. సముద్రం దీవికి అవతల ఉన్నా దాని హోరు అడవి మీదుగా మాకు వినిపిస్తూనే ఉంది. తక్కిన ముగ్గురూ దుప్పట్లు కప్పుకొని పడుకున్నారు. కుర్రవాడి దగ్గర తువాలు తప్ప ఏమీ లేదు. దించిన తెరచాప మడతలోకి దూరి ముడుచుకున్నాడు. సరంగు పడుకోకుండా అమరం మీద కూర్చొని బీడీ కాల్చుకుంటూ, చాలాసేపటికి ఆ కుర్రవాణ్ని పేరు పెట్టి పిలిచి, “ఈడ అడుగున బురద ఎంత మేరుంటాది? ఇసక ఎక్కడ తగల్తాది?” అని అడగడం మొదలుపెట్టాడు. కుర్రవాడు తెరచాప గుడ్డలో నుంచి తల బయటకు పెట్టి చెబుతున్నాడు. ఎక్కడ గడ్డి మొలిచిందో అక్కడ అడుగు గట్టి. ఎక్కడ నీరు నూనె తేరినట్టు నిలిచిందో అక్కడ లోతు. ఫలానా తిప్పకు ఉత్తరాన పాత కాలంలో పడవ మునిగిన కొయ్య ఉంది. సరంగు ప్రతిదానికీ మళ్లీ ప్రశ్న వేస్తున్నాడు. మామ నా పక్కన పడుకొని కళ్లు మూసుకొని ఉన్నాడు, నిద్రపోలేదు. ఒకసారి చీకట్లోనే నా చేతిని తట్టాడు.

సప్తర్షి మండలం ఉత్తరాన ఎత్తుకు చేరిన వేళ సరంగు అందరినీ లేపాడు. తెల్లవారుజామున ఆ సరస్సు మీద పడమటి నుంచి కొండగాలి వస్తుంది. మేము పోవలసింది పడమటికే. పొద్దెక్కేదాకా ఆగితే ఈశాన్యపు గాలి వచ్చి తెరచాప మీద హాయిగా పోవచ్చు. కానీ మామ ముందురోజే, తెల్లవారకముందే కదలాలని చెప్పి ఉంచాడు. ఎదురుగాలిలో, తెరచాప పనికిరాని చోట, బరువు పడవను గడలతో నడపడం చూడాలని ఆయన కోరిక. కట్టెల పక్కన వదిలిన జానెడు దారి ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. అణియం దగ్గర గడను నీటిలోకి దించి, అడుగున ఆనించి, పైకొసకు భుజం ఒగ్గి, ఆ అంచు వెంట అమరం దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. మనిషి వెనక్కు నడుస్తూ ఉంటే పడవ ముందుకు పోతుంది. చివరికి చేరాక గడను ఊరికే లాగితే బురద వదలదు; మణికట్టుతో ఒక మెలి తిప్పి, ఆ తిప్పులోనే పైకి తీయాలి. ఆ మెలి తెలియనివాడి చేతిలో గడ బురదలోనే నిలిచిపోతుంది, పడవ ముందుకు పోతుంది, మనిషి నీళ్లలో పడతాడు.

గడ మీద ఆరంబాకం మనిషి బలం చూడవలసిందే. ముందురోజు తాడు దగ్గర తడబడిన మనిషి, భుజానికి బరువు తగిలేసరికి వేరే మనిషి అయ్యాడు. అతడు ఒక పక్క, యానాది మనిషి ఇంకో పక్క. మొదట ఇద్దరి అడుగులూ కలవక పడవ అటూ ఇటూ ఊగింది. కొంతసేపటికి ఆరంబాకం మనిషి తమిళంలో ఒక పల్లవి ఎత్తుకున్నాడు, యానాది మనిషికి ఆ భాష పాట రాదు గనుక హుం అంటూ వంత కలిపాడు, అక్కడి నుంచి రెండు గడలూ ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి. సరంగు కుర్రవాణ్ని అణియం మీద నిలబెట్టాడు. చిన్న కొలబద్ద కర్ర ఒకటి చేతికిచ్చి, “నువ్వు చెప్పు, నేను తిప్పతా” అన్నాడు. అంతే. కుర్రవాడు కర్ర ముంచి లోతు చెబుతూ, చేతితో దారి చూపుతూ, వెలుగు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. రాజహంసల మెరకను ఈసారి ఎంత చక్కగా చుట్టి వచ్చామంటే, ఒక్క పక్షి కూడా రెక్క విప్పలేదు. పొద్దు బారెడు ఎక్కేసరికి గాలి తిరిగింది. తెరచాప ఎత్తారు. తాడు రెండు చుట్లు, కొస పిడికిట్లో.

ఒడ్డు చేరాక మామ పడవ దిగి, కాళ్లు కడుక్కొని, సరంగును మాత్రం పక్కకు పిలిచాడు. నేను దగ్గరలోనే ఉన్నాను. “ఎట్టుంది మనుషుల సంగతి?” అని అడిగాడు. సరంగు, “తాడు, గడ ఇద్దరికీ సరిపోయినాయి. కట్టె ఆయనకు. ఈ పిల్లోణ్ణి మాత్రం అణియం మీద నుంచి దించబాకండి. నాకు కళ్లు వాడే” అన్నాడు. మామ వెంటనే మద్రాసు ప్రయాణానికి రోజు ఖాయం చేశాడు. కూలి మాట్లాడి, బయానా చేతిలో పెట్టాడు. కుర్రవాడికి కూడా తక్కిన కళాసీలతో సమానంగా ఇవ్వడం చూసి అత్త ఆశ్చర్యపోయింది. తర్వాత నన్ను అడిగాడు, “నువ్వేం చూసినావబ్బయా?” తాడు తెగిన సంగతి నేను ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆయన ఓపికగా విని, “తాడు సంగతి వాళ్లే దిద్దుకున్నారు. సరంగు రాత్రి వాణ్ని పిలిచి అడిగినాడు చూడు, అది లేకుంటే రేపు వీళ్లను పంపేవాణ్ని కాదు” అన్నాడు.

ఈ వ్యాపారం ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. లారీలు వచ్చాయి, శ్రీహరికోట కట్టె ఆగిపోయింది, 1965–66 తుపానులు, ఆ పైన 1976 తుపాను కాలువను దెబ్బతీశాయి. మామ పెద్ద పడవను అమ్మివేశాడు. ఇప్పుడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా రోడ్డు ఉంది. శీతాకాలంలో జనం కార్లలో వచ్చి ఆ రోడ్డు పక్కన ఆగి రాజహంసలను చూస్తారు, మా మనవలు కూడా వెళ్లి చూసి వచ్చారు. వాటి కాళ్ల దగ్గర నీరు ఎంత లోతో చూడమని నేను వాళ్లకు చెప్పి పంపాను.

పడవ మద్రాసుకు కదిలే నాటికి నా సెలవులు ముగిసి తిరుపతి చేరాను. కొన్నాళ్లకు మామ దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. పడవ క్షేమంగా బేసిన్ బ్రిడ్జి చేరిందని, కట్టె తడవలేదని, ధర ఫరవాలేదని రాశాడు. ఎన్నూరు దగ్గర పోటు ఎదురై పడవ అడ్డం తిరగబోతే, ఆరంబాకం మనిషి తాడు భుజాన వేసుకొని గట్టు మీదికి దూకి ఆపాడట. కుర్రవాడు లోతు చూపించగా సరంగు పడవను గట్టు పక్కకు చేర్చి, పోటు తగ్గేదాకా కట్టి ఉంచాడట. రెండో విడత కట్టె అప్పుడే ఎత్తుతున్నారు. కార్డు చివర మిగిలిన జాగాలో, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధిలో యాత్రికులకు అమ్మే కంబళ్లు బాగుంటాయని, ఇరకం పిల్లవాడికి ఒకటి కొని, గూడూరు వైపు వచ్చే మనవాళ్లెవరి చేతికైనా ఇచ్చి పంపమని, డబ్బు వేసవికి వచ్చినప్పుడు ఇస్తానని రాశాడు. మరునాడే అమ్మా నేనూ వెళ్లి, మందంగా ఉన్న నల్ల కంబళి ఒకటి ఏరి కొన్నాము.